తిప్పని చేప

మా ఇంట్లో చేపను వేయించరు. వేయించాలంటే తిప్పాలి, తిప్పితే సముద్రం మీద మనవాళ్ల పడవ తిరగబడుతుంది. అందుకే అమ్మమ్మ ఆవిరి మీదే ఉడికించేది. పైవైపు తినేశాక, తోక దగ్గర పట్టి వెన్నుముల్లు ఎత్తేసి, అప్పుడు కిందివైపు తినాలి. ‘తిప్పు’ అన్న మాట కూడా నోట రాకూడదు. మా ఆయన డింగ్ లెక్కల మాస్టారు. తొలిసారి భోజనానికొచ్చి ఇదంతా విని, “మరి రొట్టెనో?” అన్నాడు.

“రొట్టె ఈదదు నాయనా,” అంది అమ్మమ్మ.

మాది చైనా తూర్పు తీరాన జౌషాన్ దీవుల్లో ఓ రేవు. నాకు ఏడేళ్లప్పుడు, కొత్త సంవత్సరం ముందురోజు సాయంత్రం, అందరూ టపాకాయలు కాల్చడానికి వాకిట్లోకి వెళ్లారు. లోపల నేనూ, బల్ల మీద చేపా మిగిలాం. కిందివైపు ఎలా ఉంటుందో చూద్దామని తిప్పాను. పైవైపులాగే ఉంది. మళ్లీ తిప్పేసి ఉల్లికాడలు కప్పాను.

ఆ కొత్త ఏడు మూడో నెలలో తాతయ్య పడవ తిరగబడింది. మనిషి దొరకలేదు. ఆయనకు బదులు గడ్డిబొమ్మకు ఆయన చొక్కా తొడిగి పూడ్చారు.

ఆ తర్వాతే అమ్మమ్మ నాకు వంట నేర్పడం మొదలుపెట్టింది. అల్లం దారాల్లా కోయాలి. అగరువత్తి వేలెడు కాలేలోగా చేప దించాలి. చివర్న మరిగే నూనె పొయ్యాలి. వెన్నుముల్లు ఎత్తిన ప్రతిసారీ, ఆ రోజు నేను తిప్పానన్న మాట నా గొంతుదాకా వచ్చేది. ముప్ఫై రెండేళ్లు అక్కడే ఉండిపోయింది.

కిందటేడు అమ్మమ్మ కడుపులో గడ్డ బయటపడింది. వేసవి చూడదన్నారు డాక్టర్లు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పుకోను? పండుగ ముందురోజు ఆమెను పొయ్యి పక్కన పీట మీద కూర్చోబెట్టాను.

“అల్లం కోస్తున్నావా, కట్టెలు కొడుతున్నావా?”

“కళ్లు కనబడట్లేదన్నావుగా అమ్మమ్మా.”

“చెవులున్నాయిగా.”

బల్ల దగ్గర పైవైపు తినడం అయింది. చెప్పేద్దామనుకుంటూనే తోక పట్టుకున్నాను.

“ఉండవే. తిప్పు,” అంది అమ్మమ్మ.

డింగ్ నమలడం ఆపేశాడు. నా చెయ్యి కదల్లేదు.

“ఒకసారి తిప్పినదానివేగా. ఇప్పుడేమొచ్చింది?”

“నీకు... తెలుసా?”

“నేనొచ్చేసరికి తోక విరిగుంది. ఉల్లికాడలు గడ్డిమోపులా పేర్చావు. వంట రాని పిల్లవి, దొంగతనమూ రాలేదు.”

“మరి అడగలేదేం?”

“అడిగితే అవునంటావు. మొగుణ్ణి పోగొట్టుకున్నాను, మనవరాల్నీ పోగొట్టుకోనా?”

“తాతయ్య నా వల్లే...”

“గాలి వల్ల. తుఫాను వస్తోందని రేడియో మొత్తుకుంటుంటే వెళ్లిన ఆ మొండిమనిషి వల్ల.” తన గిన్నె పక్కకు జరిపింది. “అబద్ధమెందుకూ, ఒక ఏడాది నీ వల్లే అనుకున్నాను. నీ జడ వేసేటప్పుడు గట్టిగా లాగేదాన్ని.”

గుర్తుంది. ఆ ఏడాదంతా తల నొప్పి పుట్టేది. పెరుగుతున్నాను కదా, అందుకేమో అనుకున్నాను.

ఆమె తన చేతిని నా చేతి మీద వేసింది. ఇద్దరం కలిసి తిప్పాం. పళ్లెంలోని నూనె చింది ఆమె కొత్త చొక్కా మీద పడింది. రెండు ముక్కలు తింది.

“ఈవైపే బాగుంది. ఇన్నేళ్లూ ముల్లు ఎత్తేలోగా చల్లారబెట్టి తిన్నాం.”

పండుగయ్యాక రెండో నెలలో అమ్మమ్మ పోయింది. గడ్డిబొమ్మ పక్కనే పూడ్చాం.

ఈ ఏడు పండక్కి మళ్లీ చేప ఉడికించాను. పైవైపు తిన్నాం. “ఇక తిప్పవచ్చుగా, సముద్రం మీద మనవాళ్లెవరూ లేరు,” అన్నాడు డింగ్ మెల్లగా. నా చేతులు వాటంతటవే తోక పట్టుకున్నాయి. వెన్నుముల్లు ఎత్తి, కిందివైపంతా అమ్మమ్మ గిన్నెలో పెట్టాను.

అది చల్లారేదాకా మేమిద్దరం లేవలేదు.