తేనెదుంగల మూతలు

ఊరి పక్క చున్‌కాబ్ శిథిలాల దిబ్బలు చూడటానికి మెరిదా పట్నం నుంచి ఇర్మా పోట్ వస్తోందని తెలిసినప్పటి నుంచి ఫిదేలియాకు ముద్ద దిగలేదు. ఇర్మా పాత కట్టడాల లెక్కలు రాసే మనిషి.

"ఎత్తుకొచ్చేటప్పుడు లేని వణుకు ఇప్పుడెందుకే?" అన్నాడు మొగుడు నసారియో, వల ఉయ్యాలలోంచి లేవకుండానే.

"నీ నోట్లో మన్ను పడ! మెల్లగా అను."

ఆమె ఎత్తుకొచ్చింది నాలుగు రాతి బిళ్లలు. రెండేళ్ల కిందట, తేనెటీగలను పెంచే బోలు దుంగల కొయ్యమూతలను చెదలు తినేస్తే, చీమలు చొరబడి రెండు దుంగల ఈగలను ఊడ్చిపెట్టాయి. అమ్మ ఇచ్చిన ఈగలవి, కుట్టడమే తెలియనివి. మిగిలిన రెండు దుంగలైనా దక్కాలని దిబ్బ మీది బిళ్లలు తెచ్చి, దుంగకు రెండు కొసల్లోనూ మూతలుగా బిగించింది. అతికినట్టు సరిపోయాయి.

ఇర్మా రానే వచ్చింది. దిబ్బకు దారి తెలిసింది ఫిదేలియాకే. కత్తితో పొదలు నరుక్కుంటూ ముందు నడిచింది.

"రాజులెవరూ లేరు పెద్దమ్మా ఇక్కడ," అంది ఇర్మా, కూలిన గోడ దగ్గర ఆగి. "ఎనిమిది వందల ఏళ్ల కిందట మామూలు సంసారాలు. తేనె, మైనం పన్ను కట్టుకుని బతికారు." పాత పటం విప్పింది. "ఇక్కడ నాలుగు రాతి బిళ్లలుండాలే!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "అడవిపందులు తిరుగుతాయమ్మా," అంది ఫిదేలియా.

"పందులు రాళ్లు మోసుకుపోతాయా?" ఇర్మా పకపకా నవ్వింది.

ఇంటికొచ్చాక ఫిదేలియా పెరట్లో ఇర్మాకు మొక్కజొన్న జావ ఇచ్చింది. అబద్ధమాడే ఇంట్లో ఈ ఈగలు నిలవవని అమ్మ చెప్పేది. ఇక ఉండబట్టలేకపోయింది.

"అమ్మాయీ, ఆ పందిని నేనే. అదిగో, దుంగలకున్నాయి. నన్నేమైనా చెయ్యి, మూతలు మాత్రం తియ్యకు. తీస్తే పొద్దుగూకేలోపు చీమలు పట్టేస్తాయి."

ఇర్మా దుంగ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చిన్న కన్నంలోంచి ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి.

"ఇవి అప్పటివాళ్ల తేనెదుంగల మూతలే. మ్యూజియం పెట్టెల్లో అడుగున పడున్న బిళ్లలే చూశాను పెద్దమ్మా. అవి చేసే పని చూడటం ఇదే మొదలు," అంది. తన లెక్కల కాగితం మీద ఏదో రాసి, చదివి వినిపించమని పెరట్లోకి వచ్చిన నసారియోకు ఇచ్చింది.

అతను కూడబలుక్కుంటూ చదివాడు: "నాలుగు మూతలు. ఉన్న చోటు, ఫిదేలియా ఉయికాబ్ పెరడు. స్థితి, వాడుకలో ఉన్నాయి. కదిలించరాదు."

"ఇంకోటి మాత్రం తేవద్దు," అంది ఇర్మా.

"ఒట్టు!"

ఫిదేలియాకు గుండెల మీది బరువు దిగిపోయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వెళ్లి దుంగకు నోరు ఆనించింది.

"భయం లేదు తల్లులూ, మీ తలుపులు ఎవరూ తియ్యరు."