అక్క వేసిన సున్నా

మా తమ్ముడు వైద్య విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్. నేను అదే విశ్వవిద్యాలయంలో గుండెజబ్బును. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలకు నిజమైన రోగుల్నే మంచాలమీద పడుకోబెడతారు. విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి, రోగితో మాట్లాడి, పరీక్షించి, జబ్బేమిటో రాయాలి. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి నా గుండెలో ఒక వాల్వు ఇరుకైపోయింది. ఆ ఇరుకులోంచి రక్తం పారేటప్పుడు అయ్యే గురగుర చప్పుడు అచ్చం పుస్తకంలో రాసినట్టే ఉంటుందట. అందుకని ప్రతి ఏడూ నాకు కబురొస్తుంది. తమ్ముడికి పదవి రాకముందునుంచీ నేనక్కడ పాత కేసునే.

"వీసీగారి అక్కవు, నీకేం ఖర్మ!" అంటుంది మా మరదలు. ఖర్మ కాదు, సరదా. భయంతో బిక్కచచ్చిపోయిన పిల్లలు కనిపిస్తే నా నోరు ఊరుకోదు. "నన్ను ఎడంపక్కకి తిరగమను నాయనా, అప్పుడు బాగా వినిపిస్తుంది" అని చెవిలో వేసేదాన్ని. అలా గట్టెక్కినవాళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు.

అయితే కొందరుంటారు. వస్తారు, పలకరింపైనా లేకుండా పైబట్ట లాగేస్తారు, ఐసుముక్కలాంటి స్టెతస్కోపు గుండెమీద పెడతారు. తమ్ముడు విద్యార్థిగా ఉన్నప్పుడు వాళ్ళ గురువు అలాగే నా గుండెను అందరికీ వినిపించాడు. ఒక్కరూ నా మొహం చూడలేదు. ఆ గుంపులో తమ్ముడు నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చి భోజనం ముట్టలేదు.

"ఎప్పటికైనా దీన్ని మారుస్తానక్కా."

"ముందు పాసవ్వరా" అన్నాను.

పాసయ్యాడు. ప్రొఫెసరయ్యాడు, డీనయ్యాడు, వీసీ అయ్యాడు. మెట్టెక్కినకొద్దీ వాడి స్టెతస్కోపు మెడలోంచి సొరుగులోకి, సొరుగులోంచి బీరువాలోకి పోయింది. మాట మాత్రం మరిచిపోలేదు. ఈ ఏడు పట్టుబట్టి కొత్త నియమం తెచ్చాడు. పరీక్షలో రోగి కూడా ఇరవైకి మార్కులు వెయ్యాలి. పలకరించారా, అడిగి ముట్టుకున్నారా, శ్రద్ధగా చూశారా అని. అందులో సున్నా వచ్చిందంటే ఎంత చదివినవాడైనా తప్పినట్టే.

ప్రొఫెసర్లు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. మార్కులు వెయ్యడానికి రోగికేం తెలుసన్నారు. "ఈ ఒక్క పరీక్షకి చూద్దాం, అన్యాయం జరిగిందని తేలితే నేనే వెనక్కి తీసుకుంటాను" అని ఒప్పించాడు. ఆ రాత్రి నా దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఈసారి ఎవరి చెవిలోనూ ఏమీ వెయ్యకు. నా ఇన్నేళ్ళ కోరిక నీ చేతిలో ఉంది."

సరేనన్నాను. నేనూ వాడితో ఒక మాట చెబుదామనుకున్నాను. వానలు మొదలైనప్పటినుంచీ నాకు మెట్లెక్కితే ఆయాసం, గుండె ఉండుండి గాడితప్పి కొట్టుకోవడం. ఇంతలో ఫోను మోగింది, వాడు లేచిపోయాడు. ఇక మిగిలింది వాడి కొడుకు, నా మేనల్లుడు. వాడూ ఆఖరి ఏడాదిలోనే ఉన్నాడు, పుస్తకంలోంచి తలెత్తడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో పెరట్లో ఉన్న వైద్యులే చెట్టుకు పనికిరాకుండా పోయారు.

పరీక్షరోజు ముందుగా ఒక అమ్మాయి వచ్చింది. చేతులు వణికిపోతున్నాయి. అందుకే మనసులో వణుకుపిల్ల అని పేరు పెట్టుకున్నాను.

"ఏంటమ్మా అంత భయం?"

"రెండుసార్లు తప్పానండీ. ఈసారీ పోతే ఇక చదివించలేమన్నారు ఇంట్లో" అంది. అని, "మిమ్మల్ని చూడొచ్చాండీ?" అని అడిగింది.

స్టెతస్కోపును అరచేతుల్లో రుద్ది వెచ్చచేసింది. నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కనుబొమలు ముడిచి మళ్ళీ మొదటినుంచి చూసింది.

"ఈమధ్య గుండె దడగా ఉంటోందామ్మా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఇంతమంది డాక్టర్ల మధ్య బతుకుతున్నాను, ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. ఉన్నదంతా చెప్పాను. ఇరవైకి ఇరవై వేశాను.

తరవాత పరదా తొలగించుకుని వచ్చినవాడు మా మేనల్లుడు.

"అత్తా, నువ్వా! ఇంక నా పంట పండింది!"

స్టూలు లాక్కుని కూర్చుని, నా వంక చూడకుండా చకచకా రాసేశాడు.

"వెళ్ళి నేను నీ అత్తనని చెప్పరా. వేరే మంచం ఇస్తారు."

"ఊరుకో అత్తా, బయటూరి ఎగ్జామినరు, ఆయనకేం తెలుసు?"

"పోనీ నన్ను చూడవా?"

"చూసేదేముంది? నీ గుండె నాకు ఎక్కాలకంటే బాగా కంఠతా వచ్చు" అని, మిగిలిన టైమంతా నా మంచంమీదికి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఓరి నీ దుంప తెగ, చెయ్యైనా పట్టుకుని చూడరా అని నోటిదాకా వచ్చింది. తమ్ముడికిచ్చిన మాట గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. వాడు వెళ్ళాక కలం పట్టుకుని ఆలోచనలో పడ్డాను. నా ఒళ్ళో పెరిగినవాడు. సున్నా వేస్తే వాడు తప్పుతాడు, మా మరదలు నా మొహం చూడదు. వెయ్యకపోతే తమ్ముడి కోరికకి నేనే గొయ్యి తవ్వినట్టు. ఏడుస్తూనే సున్నా వేశాను.

వారం తిరక్కుండా నన్ను కమిటీ ముందుకు పిలిచారు. పొడుగు బల్ల, చుట్టూ ప్రొఫెసర్లు, ఆ చివర తమ్ముడు. అందరికంటే గట్టిగా ఎదురుతిరిగిన మీసాల ప్రొఫెసరు లేచాడు.

"చూడండి సార్. నాడి గతి తప్పిందని తప్పు రాసిన అమ్మాయికి ఈవిడ ఇరవై వేశారు. మా దగ్గరున్న కేసు వివరాలతో అక్షరం పొల్లుపోకుండా రాసిన మీ అబ్బాయికి సున్నా. రోగులు మార్కులు వేస్తే ఇంతే. ఈ నియమం ఎత్తేద్దాం."

"ఆ వివరాలు ఎప్పటివి బాబూ?" అన్నాను.

"పోయినేడాదివి. మీరు పాత కేసే కదమ్మా, కొత్తగా చూసేదేముంది?"

"పోయినేడాది నుంచి నేను బతికే ఉన్నాను కదయ్యా!"

ఒకరిద్దరు నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. లేచి, అంత పొడుగు బల్లా చుట్టి వచ్చి, నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

"చెయ్యి ఇవ్వక్కా."

మణికట్టుమీద వేళ్ళు పెట్టాడు. కాసేపు గడియారం చూశాడు. తరవాత గడియారం వదిలేసి నా మొహం చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"వానలు మొదలైనప్పటినుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావురా?"

వాడి కళ్ళనిండా నీళ్ళు. అందరిముందూ అలాగే లేచి నిలబడ్డాడు. "అమ్మాయి రాసిందే నిజం. తప్పు మన కాగితానిది. మా వాడికి పడిన సున్నా న్యాయమే. ఒకే ఇంట్లో ఉండి నేనూ చూడలేదు, నాకూ అదే వెయ్యాలి" అన్నాడు. మీసాల ప్రొఫెసరు మెల్లగా నా దగ్గరికొచ్చి, "నేనొకసారి చూడొచ్చామ్మా?" అని అడిగి మరీ నాడి చూశాడు. చూసి, తన కుర్చీలోకి పోయి తలొంచుకున్నాడు. నియమం ఉండాలన్నవాళ్ళని చేతులెత్తమన్నప్పుడు ముందు లేచిన చెయ్యి ఆయనదే.

నియమం నిలిచింది. వణుకుపిల్ల పాసయింది. నన్ను ఆ రోజే వార్డులో చేర్చారు. గతి తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి తలకెక్కితే ప్రమాదమట. ముందు దానికి మందులు, ఆ తరవాత బెలూనుతో వాల్వు వెడల్పు చెయ్యడం. మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కుతావక్కా అంటున్నాడు తమ్ముడు. మీటింగులు మానుకుని పొద్దునా సాయంత్రం వస్తున్నాడు, ఒక్క నన్నే కాదు, వార్డంతా చూసి వెళ్తున్నాడు.

మేనల్లుడు మాత్రం అలిగి అటువైపు రాలేదు. బెలూను వేసే ముందురోజు పరదా బయట వాడి చెప్పులు కనిపించాయి. ఎంతసేపటికీ కదలవు.

"ఎవరది?"

"నేనే అత్తా. రావచ్చా?"

వచ్చి, స్టూలుమీద కూర్చుని, "చూడనా?" అని అడిగి నా చెయ్యి పట్టుకున్నాడు. తలొంచుకుని లెక్కపెట్టాడు. మధ్యలో తడబడి మళ్ళీ మొదలుపెట్టాడు. నా చేతిమీద కన్నీటి చుక్కలు పడుతున్నా తుడవలేదు.

"గతి తప్పి కొట్టుకుంటోందత్తా."

"తెలుసురా నాన్నా. ఆ రోజు నీ నోటితో చెబుతావని ఎంత ఎదురుచూశానో!" అన్నాను.