గొట్టంలో పొద్దు

నేను ఒక గుడ్డపీలికను. అరచేతిలో ఇమిడిపోతాను. ఒకప్పుడు సంపెంగ రంగు నూలుచీరకు చెంగు మూలగా ఉండేదాన్ని. ఆ చీరను నరసాయమ్మ కట్టింది. ఊడ్పుల్లో తడిపింది, పొయ్యి దగ్గర మసి చేసింది, కూతురు గౌరీశ్వరికి ఉయ్యాల కట్టింది. ఆవిడ పోయాక చీరను పారేయడానికి భర్త జోగినాయుడికి చేతులు రాలేదు. పీలికలుగా చింపి తుపాకీ తుడవడానికి పెట్టుకున్నాడు. కొందరు దాచుకునే పద్ధతి అది. పెట్టెలో మడతపెట్టడం కన్నా రోజూ చేతిలో ఉంచుకోవడమే వాళ్లకు ఇష్టం.

ఆ తుపాకీ పంట కాపలా కోసం లైసెన్సు మీద తెచ్చుకున్నది. రెండు గొట్టాలు. మధ్యలో విరిస్తే నడుం వంచినట్టు తెరుచుకుంటుంది. తూటాలు తీసేసి, అలా విరిచి పట్టుకున్నాకే అది గడప దాటి లోపలికి రావాలని నరసాయమ్మ కట్టడి చేసింది.

"నడుం ఇరిసి సూపించు. అప్పుడే కూడు," అనేది.

"కాళీదేనే! నానిప్పుడే తూటాలు తీసినాను."

"నీ మాట నమ్మినాను. తుపాకీ మాటే నమ్మనేదు."

జోగినాయుడు నవ్వుకుంటూ విరిచి చూపించేవాడు. భార్య మాట వినేవాడని ఊరంతా వేళాకోళం చేసేది. ఆయనకది బిరుదులా ఉండేది.

తుపాకీని శుభ్రం చేసే పని ఆయనకు పూజలాంటిది. ముందు రెండు గొట్టాలూ ఖాళీ అని చూసుకునేవాడు. తూటాల డబ్బా వేరే గదిలో, వేరే తాళం కింద ఉండేది. గొట్టం మూతి ఎప్పుడూ గోడకే, మనుషుల వైపు కాదు. కడ్డీ కొసన పొడిగుడ్డ దోపి మసి తుడిచేవాడు, తర్వాత నూనెగుడ్డ, ఎక్కువైన నూనె తీయడానికి మళ్లీ పొడిగుడ్డ. చివర గొట్టాన్ని వెలుగుకెత్తి లోపలికి చూసేవాడు.

చూసేవాడు అన్నాను కదా. ఆ చూపే మసకబారింది. కంటికి పొర వచ్చింది. ఆపరేషన్ అంటే భయం, చెప్పుకోవడం అంటే నామోషీ. "పొగమంచు బాగా పట్టింది," అనేవాడు, నడివేసవిలో కూడా.

అలాంటి ఒక రోజున నన్ను కడ్డీకి దోపి కుడిగొట్టంలోకి నెట్టాడు. మడత మందమైంది. సగం దూరం వెళ్లాక నేను కడ్డీ నుంచి జారి అక్కడే బిగుసుకుపోయాను. కడ్డీ ఖాళీగా వెనక్కి వెళ్లింది. ఆయన నేలంతా తడిమాడు. ఎక్కడో పడిందనుకున్నాడు. గొట్టం ఎత్తి చూశాడు. లోకమంతా మసకగా కనిపించే మనిషికి గొట్టం కూడా మసకగా ఉంటే ఏం తేడా తెలుస్తుంది? తుపాకీ మూశాడు. బీరువాలో పెట్టి తాళం వేశాడు.

అటు ఇనుము, ఇటు ఇనుము. కదలడానికి లేదు, అరవడానికి నోరు లేదు. నాలోని నూనె మెల్లగా ఇగిరిపోయి జిగురైంది. దూది పోగునే అయినా, తూటాకు ఎదురుగా అడ్డం కూర్చున్నాను. ఎవరైనా ఆ గొట్టం పేల్చితే అది పగులుతుంది. పట్టుకున్న చెయ్యీ, గురి చూసిన కన్నూ దక్కవు.

ఆ చెయ్యీ కన్నూ ఎవరివో వినబడుతూనే ఉంది. జోగినాయుడికి డెబ్బై దాటడంతో లైసెన్సు కూతురి పేరు మీదికి మారుతోంది. లైసెన్సు శిక్షణ కోసం వెళ్లిన గౌరీశ్వరి పోలీసు మైదానంలో నేర్చుకున్న పాఠాన్ని ఇంటికొచ్చి అప్పగించేది. ఏ తుపాకీలోనైనా తూటాలు ఉన్నాయనే అనుకోవాలి. పేల్చేదాకా వేలు మీట మీదికి పోకూడదు. గురి వెనకాల ఏముందో తెలియకుండా పేల్చకూడదు. తండ్రి మురిసిపోయేవాడు. నేను మాత్రం లోపల్నుంచి, తల్లీ, ఇంకొకటి ఉంది, అది కూడా చెప్పు, అనుకునేదాన్ని. ఆమెకు నన్ను ఉయ్యాలగా కట్టిన రోజులు గుర్తొచ్చేవి.

లైసెన్సు వచ్చిన సాయంత్రమే పక్కపొలం ముత్యాలు పరుగెత్తుకొచ్చాడు. "మావా! పందులు! మొక్కజొన్నలో పడ్డాయి. ఏదీ, కొత్త సిపాయమ్మ?"

బీరువా తెరుచుకుంది. మొదటిసారి గౌరీశ్వరి చేతులు ఈ తుపాకీని తాకాయి. మరో గది నుంచి జోగినాయుడు తూటాలు తెచ్చాడు.

"గాల్లోకి ఒకటి కొట్టు, పారిపోతాయి," అన్నాడు ముత్యాలు.

"గాల్లోకెల్లింది గాల్లోనే ఉంటాదేటి? మట్టిగట్టు మీద కొడతాను," అంటూ ఆమె తుపాకీ విరవబోయింది.

"సుబ్రం చేసి పెట్టినాను. సూసినాను. తూటాలేసుకుని బేగెల్లు," అన్నాడు తండ్రి.

ఆమె విరిచింది. తూటా వెయ్యలేదు. గొట్టాలు కంటి దగ్గరికి తెచ్చుకుంది.

"నా మాట నమ్మవేటి?" అన్నాడు జోగినాయుడు. పరాయివాడి ముందు, ఇన్నేళ్ల చేతిపనిని, కన్నకూతురే శంకించింది. నాకు ఆయన మీద జాలేసింది. ఆమె ఆగిపోతుందేమోనని అంతకన్నా భయమేసింది.

ఆమె ఆగింది. తండ్రి ముఖంలోకి చూసింది.

"నీ మాట నమ్మినాను నాయినా. తుపాకీ మాటే నమ్మనేదు."

ఆ మాట ఎవరిదో ఆయనకు తెలుసు.

గొట్టాలు పడమటికి లేచాయి. నాకు ఒక పక్క వెలుగు తగిలింది. రెండో పక్క, గుండ్రంగా, ఒక కన్ను.

"ఎడంపక్క పొద్దు అగుపడతంది," అంది మెల్లగా. "కుడిపక్క పొద్దు నేదు నాయినా."

ముత్యాలు రేకుడబ్బాలు వాయించుకుంటూ పొలానికి పరుగెత్తాడు. పందులు తినాల్సింది తిని నింపాదిగా వెళ్లాయి.

గౌరీశ్వరి కడ్డీతో నన్ను నెట్టింది. నేలమీద పడ్డాను. జోగినాయుడు వంగి, తడిమి, నన్ను తీసి వేళ్ల మధ్య రుద్దాడు.

"మీ అమ్మ సీరే," అన్నాడు. "సూసినానన్నాను గానీ, నాకు అగుపడనేదమ్మా."

"రేపు కంటాసుపత్రికెల్దాం," అంది కూతురు.

గౌరీశ్వరి నన్ను సబ్బుతో ఉతికింది. బీరువా తాళంచెవికి ముడివేసింది. తుపాకీని తాకాలంటే ముందు నన్ను తాకాలి. ఆపరేషనయ్యి కంటికట్టు విప్పిన రోజు జోగినాయుడు ఇంటికొచ్చి తాళంచెవి వెలుగులో పట్టుకుని తేరిపార చూశాడు.

"ఇది సంపెంగ రంగేటి? ఇన్నాళ్లూ తెల్లబడిపోనాదనుకున్నాను."

ఆ పూటే బీరువా తెరిచాడు. తుపాకీ నడుం విరిచి, కూతురి చేతికి అందించాడు, ఆమె కూడా చూడాలని.