అమ్మవారి చెవి వెనక పసుపు

దోర్నాల సెంటర్లో జిరాక్స్ దుకాణం నాది. రేషన్ కార్డుల నుంచి పెళ్లిపత్రికల దాకా అన్నీ చేశాను గానీ, ఒక దేవతకు గుర్తింపు పత్రాలు తయారుచేయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

చెంచుగూడెం అమ్మవారి రాతి విగ్రహాన్ని ఇరవై ఏడేళ్ల కిందట దొంగలు ఎత్తుకుపోయారు. మొన్న అది ఎక్కడో చలిదేశంలో ఒక మ్యూజియంలో తేలింది. దొంగసొత్తు విగ్రహాలను తిరిగి ఇచ్చేయాలని దేశాలన్నీ ఎప్పుడో ఒప్పందం రాసుకున్నాయట. సంతోషమే. కానీ అది మాదేనని అడిగేవాళ్లే రుజువు చూపించాలట.

ఫొటో ఒక్కటుంది, జాతర నాటిది. అందులో అమ్మవారు లేదు, పసుపు ముద్ద ఉంది. గూడెంలో పాత పసుపు కడగరు, దాని మీదే కొత్తది మెత్తుతారు. ఆ పని చేసే దాసమ్మకే అమ్మవారి ముక్కు ఎలా ఉంటుందో తెలియదు. మ్యూజియం వాళ్లు పంపిన ఫొటోలోనేమో తళతళలాడే నల్లరాయి. రెంటికీ ఇడ్లీకీ అట్లకాడకూ ఉన్నంత పోలిక.

విగ్రహాల ఆఫీసు నుంచి కోటేశ్వరరావు గారు దిగారు. నా కంప్యూటర్లోనే వీడియో విచారణ. తెర మీద విగ్రహం, పక్కన మ్యూజియం మేడం.

"ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటున్నారమ్మా," అన్నారాయన.

"ముఖం చూసేదానికి ఆమె పెండ్లిచూపులకు కూచున్నదా నాయనా?" అంది దాసమ్మ.

"పోనీ, ఎత్తెంత?"

"జాతర జాతరకూ పెరిగేది."

ఆయన 'వర్తించదు' అని రాసుకుని పెన్ను మూశారు. కేసు పోయినట్టేనన్నారు. దాసమ్మ ముఖం వాడిపోయింది.

"నేను తేనెకు అడివిలోకి పోయిన రోజే ఎత్తుకపోయినారు నాయనా. నేను పొయ్యేలోపల ఆమెను ఇంటికి తేవాల," అని తన చేతులు చూసుకుంది. ఉన్నట్టుండి తలెత్తింది. "ఎడమ చెవి ఎనక గుంట ఉండాది. నా వేలు సరిగ్గా పడతాది. మొదట ఆడే పసుపు కుక్కేదాన్ని. చూడమను."

అంతా మెషీన్లతో కడిగించామని మేడం నవ్వింది. అయినా ఒక పుల్ల పెట్టి తిప్పింది. కొస పచ్చగా వచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది, చెప్పడానికి సిగ్గేముంది!

నెలకు, విగ్రహం తిరిగి ఇస్తామంటూ షరతుల పత్రం వచ్చింది. మళ్లీ అదే తెర ముందు కూర్చున్నాం. విగ్రహాన్ని అద్దాల పెట్టెలో ఉంచాలి. నీళ్లు, నూనె, పసుపు తగలకూడదు. చెవి వెనక పసుపు సాక్ష్యం కాబట్టి దాన్ని ఎవరూ ముట్టకూడదు. నాకు ఒళ్లు మండింది.

"అంటే, ఆమె వచ్చినా నేను తాకకూడదా?" అంది దాసమ్మ.

"అంతేనమ్మా. ఇక్కడ వేలిముద్ర వేయండి," అన్నారు కోటేశ్వరరావు గారు.

దాసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అట్లయితే నన్ను గూడ ఆ అద్దాల పెట్టెలో పెట్టమను నాయనా. ఆ పసుపు పెట్టింది నేనే. నేను గూడ సాక్ష్యమే గదా."

కోటేశ్వరరావు గారు ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో మేడంకు చెప్పేశారు. మేడం షరతుల పత్రం మళ్లీ ముందుకు లాక్కుంది. ఏటా పసుపు ఎంత మందం మెత్తుతారో అడిగింది. షరతు మార్చి పత్రంలో రాయాలట.

దాసమ్మ ఏడుస్తూ రెండు వేళ్లు కలిపి తెరకు చూపించింది.