పాట ఆగిన చోటు

నాలుగు రోజుల్లో ఫెబా సౌండ్ ఇంజినీరైపోయింది, కనీసం తన లెక్కలో. చిలకలూరిపేట చర్చిలో మైకులు చూసే బెన్నీ ఆమెను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి నేర్పుతున్నాడు. తెర మీద గీతలు పొడుగ్గా లేస్తే శబ్దం పెద్దది, అణిగి ఉంటే చిన్నది. గెయిన్ పెంచితే ఆ చిన్నదీ వినపడుతుంది.

ఈ అవస్థంతా అమ్మ కోసం. సువార్తమ్మ పోయి ఆదివారానికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో ఆమె పాటే వినిపించాలని ఫెబా పట్టు. ఉన్నది ఒక్కటే రికార్డింగు. మూడేళ్ల కిందట మిర్చి గోడౌన్లో కూలికి కాయల తొడిమలు తీస్తూ అమ్మ పాడుతుంటే, పక్కన కూర్చున్న తోటి కూలి కోటేశ్వరి ఫోన్లో పట్టింది. ఆ తర్వాత అమ్మ మళ్లీ పాడలేదు. కాయల ఘాటుకి గొంతు పోయిందని ఫెబా ఊరంతా చెప్పింది, తనూ నమ్మింది.

ఒట్టి ఫ్యాను హోరున్న రెండు సెకన్లు ఎంచి, దాన్నే మొత్తంలోంచి తీసెయ్యమని సాఫ్ట్‌వేరుకి చూపించింది. హోరు పోయింది. అమ్మ గొంతు తేటగా పలికింది. ఫెబాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"చివర్లో ఏందో సన్నగా ఉందక్కా. పెంచి చూడు," అన్నాడు బెన్నీ.

పెంచింది.

"ఆపవే అమ్మా నీ గోల! మా స్కూలోళ్లు వింటన్నారు. సిగ్గుపోతంది!"

ఎవరిదీ గొంతు? ఫెబాకి నిజంగానే తెలియలేదు. మళ్లీ పెట్టి విన్నాక తెలిసింది, తనదే. ఏడాది కారానికి కాయలు కొనడానికి తోటి టీచర్లను ఆ గోడౌనుకి వెంటబెట్టుకెళ్లి, గుమ్మంలోంచే అరిచిన రోజది. అన్న మాట మాత్రం ఇంతకాలం గుర్తే లేదు. ఎంత హాయిగా మర్చిపోయింది!

ఆ అరుపు ముగియకముందే, దాని కిందే అమ్మ మాట: "సరేలే తల్లీ, ఇంక పాడన్లే."

బెన్నీ తల గోక్కున్నాడు. "నీ మాట కోసేద్దామక్కా."

"అమ్మ మాట ఉంటదా?"

"ఉండదు. ఒకే ఫోన్లో రెండూ కలిసి పడ్డాయి. నీది తీస్తే ఆమెదీ పోద్ది. పాట వరకే ఉంచు, ఎవరికీ తెలవదు."

అమ్మ తనను 'తల్లీ' అని పిలిచిన గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. ఫెబా మొత్తం ఉంచి సేవ్ నొక్కింది.

ఆదివారం పాట అయ్యాక ఆ అరుపు చర్చంతా మోగింది. జనం నిర్ఘాంతపోయారు. ఒక్క కోటేశ్వరి మాత్రం కదల్లేదు, తల దించుకుని కూర్చుంది. అమ్మ పాడటం ఎందుకు మానేసిందో ఆమెకి ఎప్పట్నుంచో తెలుసని ఫెబాకి అప్పుడర్థమైంది.

ఫెబా లేచి నిలబడింది.

"ఆ గొంతు నాదేనండి," అంది.