సరోజినీ నగర్‌లో పీకించిన పన్ను

వీరభద్రరావు పన్నునొప్పికి భయపడే మనిషి కాదు. రాజస్థాన్ ఇసుకలో బొబ్బలెక్కిన కాళ్ళతో నడిచినా కిక్కురుమనని హవల్దారు. ఆయన భయమంతా పన్ను చూసే ఆర్మీ డాక్టరు అడిగే ప్రశ్నల గురించే. చిన్నప్పుడేమైనా జబ్బు చేసిందా, గుండెకేమైనా ఉందా అని అడుగుతాడట. ఉందంటే రాసి పైకి పంపుతాడట. మెడికల్ కేటగిరీ తగ్గిందంటే ప్రమోషన్ మీద ఆశ వదులుకోవాల్సిందేనని ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గరి ఆర్మీ క్వార్టర్లలో ఎవరినడిగినా చెబుతారు. ఆ వేసవి దాటితే వీరభద్రరావు ఆ ప్రమోషన్‌తో నాయబ్ సుబేదార్ కావాలి. కాకపోతే సర్వీసు ముగించుకుని ఊరికి పోవాలి.

ఆయన గుండెలో ఉండకూడని చప్పుడు ఒకటుంది. ఆ సంగతి ఢిల్లీ మొత్తం మీద ఆయనకూ, భార్య పార్వతికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. చిన్నతనంలో మోకాళ్ళు వాచి జ్వరం పట్టిందనీ, శ్రీకాకుళంలో నెలనెలా సూది వేయించారనీ, గుండెలో ఒక కవాటం కొంచెం దెబ్బతిన్నదని డాక్టరు అన్నాడనీ అత్తగారే పార్వతికి చెప్పింది. సైన్యంలో చేర్చుకున్న రోజున ఆ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. ఆ తర్వాత ఏటా మెడికల్ పరీక్ష అయి ఆయన గుమ్మం ఎక్కేదాకా పార్వతికి అన్నం సహించేది కాదు.

గుండె సంగతి దాగింది గానీ, పన్ను దాగలేదు. చిగుళ్ళు వాచి నెత్తురు కారుతోందని బ్రష్ చేయడమే మానేశాడు మహానుభావుడు. ఉప్పునీళ్ళు పుక్కిలించి, లవంగం నొక్కిపెట్టి నెలలు నెట్టుకొచ్చాడు. చెంప బూరెలా పొంగిన రోజున పార్వతే దారి చూపింది. పిల్లాడికి బట్టలు కొనే సరోజినీ నగర్ మార్కెట్ వెనక సందులో పళ్ళు పీకేవాడు ఒకడున్నాడు.

"అక్కడైతే ఎవుడూ ఏటీ అడగడండి. పీకించీసుకుంటే పీడా పోద్ది," అంది.

ఆ మనిషి నిజంగానే ఏమీ అడగలేదు. చేతులు కడుక్కున్నాడో లేదో వీళ్ళూ అడగలేదు. పన్ను ఊడొచ్చింది. వస్తూ వస్తూ కొడుకు అజయ్‌కి ఒక చొక్కా కూడా కొన్నారు.

కొద్దిరోజులకే సాయంత్రాలు జ్వరం మొదలైంది. మాత్ర వేస్తే తగ్గడం, మర్నాడు మళ్ళీ రావడం. ఒళ్ళు సగమైంది. ఆఖరికి కాళ్ళు తేలిపోయి పెరేడ్‌లో కూలబడితే మిలిటరీ ఆసుపత్రిలో చేర్చారు. టైఫాయిడ్ అనుకుని మందులిచ్చారు. జ్వరం లొంగలేదు. గోళ్ళ కింద సన్నటి ఎర్రగీతలు వచ్చాయి. మేజర్ డాక్టరమ్మ ఆ గోళ్ళను చాలాసేపు చూసి, "హవల్దార్ సాబ్, బచ్‌పన్ మే, చిన్నప్పుడు, ఏమైనా జబ్బు చేసిందా? ఈమధ్య పళ్ళకేమైనా చేయించావా?" అని అడిగింది.

"నహీ మేడమ్," అన్నాడు వీరభద్రరావు. మంచం పక్కనే కూర్చున్న పార్వతి మణికట్టు దుప్పటి కింద గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టరమ్మ వెళ్ళాక పళ్ళు బిగించి అన్నాడు. "నోరిప్పీవంటే సూడు. ఇన్నేళ్ళ కష్టం గంగలో కలిసిపోద్ది."

పార్వతి నోరిప్పలేదు. ఆ మర్నాడు మంచినీళ్ళు అందిస్తే ఆయన ఎడమచేతిలోంచి గ్లాసు జారిపోయింది. వంగి తీసుకోబోతే వేళ్ళు మాట వినలేదు. కాసేపటికి మళ్ళీ కదిలాయి గానీ, ఆ కాసేపూ ఆయన కళ్ళల్లో ఉన్న భయాన్ని పార్వతి చూసింది. పదిహేనేళ్ళ కాపురంలో ఆ కళ్ళల్లో అలాంటి భయం ఆమె ఎన్నడూ ఎరగదు. గ్లాసు అక్కడే వదిలేసి వరండా వెంట డాక్టరమ్మ గదికి పరుగెత్తింది.

వచ్చీరాని హిందీలో, మధ్యలో తెలుగు కలిపి, అన్నీ చెప్పేసింది. మోకాళ్ళ వాపు, సూదులు, సందులో పీకించిన పన్ను, దారి చూపింది తానేనన్న మాటతో సహా.

డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పడేసింది. "గుండెలో చప్పుడు నేను మొదటి రోజే విన్నాను. అడిగితే చిన్నప్పుడేమీ లేదన్నాడు. జ్వరం వల్ల, రక్తం తగ్గడం వల్ల అనుకున్నాను. కుళ్ళిన చిగుళ్ళలోంచి క్రిములు నెత్తుట్లో కలుస్తాయమ్మా. మంచి గుండె అయితే చాలాసార్లు దాటిపోతాయి. దెబ్బతిన్న కవాటం దొరికితే అక్కడే గూడు కడతాయి. ఆ గూటి ముక్క ఊడి మెదడుకెక్కితే ఇలాగే చెయ్యి పడిపోతుంది. ముందే చెప్పుంటే..." అని ఆపేసింది.

ముందే చెప్పుంటే ఏమయ్యేదో అడిగే ధైర్యం పార్వతికి లేకపోయింది.

ఆ పూటే మందులు మార్చారు. వారాల తరబడి నరంలోకి సూదులు ఎక్కించారు. జ్వరం దిగింది. ఎడమచేయి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. ఆయన మాట్లాడటం మానేశాడు. అందరితోనూ కాదు, పార్వతితోనే. ఆమె అన్నం కలిపిస్తే తినేవాడు, ఆమె మొహం మాత్రం చూసేవాడు కాదు. పార్వతి అదీ భరించింది. ఇంటికెళ్ళి పిల్లాడు చూడకుండా ఏడ్చేది.

ఒక ఉదయం పక్క క్వార్టర్ లక్ష్మీపతి వచ్చి, ప్రమోషన్ ఇంకొకరికి వెళ్ళిందని నసుగుతూ చెప్పి, అరటిపళ్ళు పెట్టి పోయాడు. వీరభద్రరావు చాలా రోజుల తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఇప్పుడు సంతోసమేనా?"

"సంతోసమే," అంది పార్వతి. "మొన్న మన క్వార్టర్ల లైన్లోకి జెండా కప్పిన సవప్పెట్టి వొచ్చింది గదా. ఆ సచ్చిపోయిన జవాను పెళ్ళాం ఆ పెట్టి ఎనకాల రైలెక్కింది. నాను మీ పక్కన కూకుని ఊరికెల్తాను. నాకదే సాలు."

కిటికీలోంచి పెరేడ్ విజిల్ వినిపించింది. పార్వతి ఆసుపత్రిలో పళ్ళ డాక్టరిచ్చిన మెత్తటి బ్రష్‌ను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి దగ్గరకు జరిగింది.

"తెరండి."

ఆయన నోరు తెరిచాడు. చిగుళ్ళ మీద బ్రష్ తగలగానే కొంచెం నెత్తురొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. పార్వతి చెయ్యి ఆపకుండా, మెల్లగా, ఒక్కో పన్నూ తోమింది.