పది అంగల తుపాకి

తెర మీద ఒక గుంట ఫొటో పడింది. ఇసుకలో, గరాటు ఆకారంలో, అరచెయ్యంత వెడల్పు.

సెరీనా రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. డెస్కు కింద ఫోన్ తెరిచి పొద్దున తీసిన ఫొటో చూసింది. అదే గరాటు, అదే ఇసుక. పక్కన కొలతకోసం తను పెట్టిన చెప్పు ఒక్కటే తేడా.

క్లాసు అయ్యేదాకా ఆగడం కష్టమైంది. పర్యావరణ శాస్త్రం రెండో ఏడు వాళ్ళకి ట్యూటర్ కౌసర్. హైదరాబాదు నుంచి పెర్త్ వచ్చి పీహెచ్‌డీ చేస్తోంది. క్లాసులో ఇంగ్లిషు తప్ప ఇంకో మాట రాదు, బయటికొస్తే మాత్రం అచ్చంగా మలక్‌పేటే.

"అక్కా, ఇదొకసారి చూడు."

కౌసర్ ఫోన్ లాక్కుని తెర పెద్దది చేసింది. "అరె, ఎక్కడ తీసినవ్ ఇది? పక్కా క్వెండా! మస్త్ లక్కీ పిల్లవి. మేం మూడు నెల్ల నుంచి సైట్లల్ల తిరుగుతున్నం, ఒక్క గుంట దొరకలె."

"పందికొక్కు కాదా?"

"ఇక్కడేడి పందికొక్కు? ఇది కంగారూ ఖాన్‌దాన్. పొట్ట కింద సంచి ఉంటది, అండ్ల పిల్లల్ని మోస్తది. పురుగుల కోసం తవ్వుతది. దీన్ని ముట్టుకుంటే కేసైతది, తెలుసా?"

"అక్కా, ఇవాళ సాయంత్రం మా అంకుల్ దాన్ని కాల్చేస్తున్నారు."

కౌసర్ నవ్వు ఆగిపోయింది. "ఎవరు చెప్పిండ్రు కాల్చమని?"

సెరీనా బ్యాగు భుజాన వేసుకుని మెట్లవైపు పరుగెత్తింది. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. జూన్ నెల. పెర్త్‌లో అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది. జకరయ్య అంకుల్ అయిదింటికి తుపాకి పట్టుకుని తోటలో స్టూలు వేసుకుంటాడు.

కాల్చమని చెప్పింది తనే.

నిన్న సాయంత్రం జరిగిందది. జకరయ్య అమలాపురం వైపు మనిషి. ముప్ఫై ఏళ్ళు గనుల్లో వెల్డింగు చేసి, రిటైరయ్యాక ఊరి చివర కానింగ్ వేల్ గోడౌన్లు దాటి రెండున్నర ఎకరాలు కొన్నాడు. చిలగడదుంప, గోంగూర, వంకాయ పండించి ఇండియన్ షాపులకి వేస్తాడు. వెనక గదిలో సెరీనా అద్దెకుంటుంది. పదిరోజులుగా ఎవరో దుంపలు కొరికేస్తున్నారు. రెండు బోనులు పెట్టాడు, ఏదీ పడలేదు. దాంతో స్టీలు బీరువాలోంచి తుపాకి తీశాడు. దాని తాళంచెవి ఆయన మెడలో సిలువ పక్కనే వేలాడుతుంది.

అది తోటల కోసం చేసిన తుపాకి. గొట్టం తొమ్మిది మిల్లీమీటర్లు, లోపల నున్నగా ఉంటుంది. తూటా చిటికెన వేలిలో సగం. అందులో ఆవగింజలంత సీసం గింజలు. పేలితే ఎక్కడో తలుపు గట్టిగా మూసినట్టు ఉంటుంది, అంతే.

"పదంగలమ్మా దీని బతుకు," అని చూపించాడు జకరయ్య. "అది దాటితే ఈగకి కూడా దెబ్బ తగలదు. షెడ్డు రేక్కి కొట్టినా సొట్టపడదు. కానీ ఆ పదంగల్లోపల ఉన్నదాన్ని మాత్రం వదలదు. అందుకే పేరు తెలియందాన్ని నేను కాల్చను. నిన్న మసక వెలుతుర్లో చూశాను దాన్ని. కొక్కులాగే ఉంది గానీ, ముట్టె మరీ పొడుగ్గా ఉందమ్మా. నువ్వు సైన్సు చదువుతున్నావుగా, చెప్పు. ఏంటది?"

సెరీనాది రాజోలు. చిన్నప్పుడు వరిగట్ల మీద పందికొక్కుల కన్నాలు ఎన్నో చూసింది. నాన్న పొగ పెడితే అటువైపు తను కర్ర పట్టుకుని కాపలా కాసేది. రెండు నిమిషాలు వంగి గుంట చూసి లేచింది.

"పందికొక్కే అంకుల్. ఇందులో ఆలోచించేదేముంది? మీకు చూపు తగ్గింది, అద్దాలు మార్చండి."

"అంతేనంటావా?"

"అంతే."

గుంటలో చెయ్యి పెట్టి చూడలేదు. అద్దెకున్న పిల్ల, ఒక పెద్దాయన తన చదువుని అడిగాడన్న సంతోషంలో, తీర్పు చెప్పేసింది.

బస్సులో కూర్చున్నాక జకరయ్యకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. 'కాల్చొద్దు' అని మెసేజి పెట్టింది. ఆయన మెసేజీలు ఆదివారం చర్చినుంచి వచ్చాక చదువుతాడు, అన్నీ ఒకేసారి. మూడోసారి ఆయన భార్య ఏసుమణి ఆంటీకి చేసింది. ఆంటీ వృద్ధుల హోములో సాయంత్రం షిఫ్టులో ఉంది.

"ఆంటీ, అంకుల్ ఫోన్ ఎత్తడం లేదు!"

"ఎత్తితే నాకు చెప్పమ్మా, నేనూ మాట్లాడతాను. తుపాకి తీస్తే చప్పుడు వినపడకుండా చెవులకి డొప్పలు పెట్టేస్తాడు. పెళ్ళయిన కాడ్నించీ నా మాట వినపడనోడికి డొప్పలెందుకో నాకైతే తెలీదు. ఎంచేతమ్మా, ఇంటికి నిప్పంటుకుందా?"

"లేదాంటీ. ఆ పందికొక్కు పందికొక్కు కాదు."

"మరి?"

"కాల్చకూడని జంతువు. పక్కింటివాళ్ళకెవరికైనా..."

"పక్కిల్లంటే అరకిలోమీటరు దూరం. ఆళ్ళు బాలీ పోయారు. పరిగెత్తు తల్లీ. ఇదిగో, ముందునుంచి మాత్రం పోకు, ఆయనకి ఎదురుగా పోకు! ఇక్కడ గంట కొడుతున్నారు, ఉంటాను."

బస్సు హోల్‌సేల్ కూరగాయల మార్కెట్టు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా ఓ పెద్ద లారీ వెనక్కి తిరగలేక రోడ్డుకి అడ్డం పడి ఉంది. నాలుగూ నలభై అయిదు. నలభై ఎనిమిది. ముందు సీటులో ఒకాయన పేపరు తిరగేశాడు. ఆ చప్పుడుకే సెరీనా ఉలిక్కిపడింది.

"ఇక్కడే దిగుతాను," అంది డ్రైవరుతో.

"ఇక్కడ స్టాప్ లేదమ్మా."

"ప్లీజ్!"

ఆయన ఆమె మొహం చూసి తలుపు తీశాడు.

రెండు కిలోమీటర్లు. గోడౌన్ల పక్కనుంచి పరుగు. పని ముగించి షట్టర్లు దించుతున్న వేళ అది. ఎక్కడో దబ్ మని తలుపు పడింది. సెరీనా ఆగిపోయింది. తుపాకి కాదు, ఇంత దూరం వినపడదు. తెలుసు. అయినా కాళ్ళు ఆగాయి. మళ్ళీ పరుగు. ఈసారి వ్యాను తలుపు. ఆ తరవాత చెత్తడబ్బా మూత. వీధి మొత్తం తుపాకి చప్పుళ్ళే చేస్తోంది. ప్రతి చప్పుడుకీ ఆ జంతువు చచ్చిపోతోంది, దాని పొట్టకింద సంచిలో పిల్లలు చచ్చిపోతున్నాయి. మళ్ళీ బతికి తవ్వుకుంటున్నాయి.

తారు రోడ్డు అయిపోయి కంకర మొదలైంది. డొక్కలో పోటు పట్టుకుంది. కంచె దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు చెట్ల మొదళ్ళలోకి దిగిపోయాడు.

జకరయ్య వీపు కనపడింది.

స్టూలు మీద కూర్చున్నాడు. చెవులకి ఎర్ర డొప్పలు. తుపాకి భుజానికి ఆనించి ఉంది. గొట్టం కదలడం లేదు. అంటే గురి కుదిరిందన్నమాట. ఆయన ముందు ఆరంగల దూరంలో దుంపల తీగలు ఊగాయి. అందులోంచి గోధుమరంగు వీపు, పొడుగాటి ముట్టె బయటికొచ్చాయి. ముందు కాళ్ళతో గబగబా తవ్వి, ముట్టె ఇసుకలో దూర్చి, మళ్ళీ తవ్వుతోంది. తల ఎత్తి చిన్నగా గెంతింది. పందికొక్కు గెంతదు.

"అంకుల్!" అని అరిచింది. ఆ వీపు కదల్లేదు.

భుజం పట్టుకుని లాగుదామా? వేలు మీట మీద ఉన్న మనిషిని వెనకనుంచి ముట్టుకుంటే గొట్టం ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఎదురుగా పోకూడదు. మడి చివర తవ్విన దుంపల కుప్ప కనపడింది. ఆయనకి వెనకగా, పక్కకి జరిగి నిలబడి, అందులో పెద్దది తీసుకుని బలంకొద్దీ విసిరింది.

దుంప ఆ జంతువుకి జానెడు దూరంలో పడింది. అది ఎగిరి ఒక్క గెంతులో తీగల్లోకి దూరింది. అదే క్షణాన తలుపు మూసినట్టు చప్పుడయింది. ఇసుక లేచింది. డ్రిప్పు పైపుకి తూట్లు పడి నీళ్ళు సన్నగా పైకి చిమ్మాయి.

జకరయ్య తుపాకిని నేలవైపు వంచి మెల్లగా వెనక్కి తిరిగాడు. డొప్పలు తీశాడు.

"పిచ్చా నీకు? తుపాకి పట్టుకున్నోడి మీదికి దుంపలిసురుతావా?"

"మీ మీదికి కాదు..." ఊపిరి అందడం లేదు. "అది పందికొక్కు కాదంకుల్. క్వెండా. ఇక్కడి జంతువు. దానికి సంచి ఉంటుంది, పిల్లల్ని మోస్తుంది. దాన్ని కాల్చకూడదు. చట్టం ఒప్పుకోదు."

"నిన్న పందికొక్కని చెప్పిందెవరు?"

"నేనే."

"అంతే అంకుల్ అన్నావు. అద్దాలు మార్చమన్నావు."

"అన్నాను."

ఆయన తుపాకి బోల్టు వెనక్కి లాగాడు. ఖాళీ తూటా ఇసుకలో పడింది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. సెరీనా వెళ్ళి క్వెండా దూరిన చోట తీగలు ఎత్తి చూసింది. రక్తం చుక్క లేదు. కంచె కింద చిన్న సందు, దాని ముందు తాజా అడుగులు. తను విసిరిన దుంపని తీసి చూసింది. ఒక పక్క అంతా సన్నటి బెజ్జాలు.

ఆ తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, నిన్న చెయ్యాల్సిన పని చేసింది. గుంటలో చెయ్యి పెట్టింది. మణికట్టు మునగకముందే అడుగు తగిలింది. కన్నం లేదు, సొరంగం లేదు. అడుగున తెల్లటి పురుగు సగం తెగి ఉంది.

"ఇది తవ్వింది పురుగు కోసం, అంకుల్. దుంపల జోలికి రాలేదు."

"మరి నా దుంపలు తిన్నదెవడు?"

కొరికిన దుంప ఒకటి వెలుతురుకి పట్టి చూసింది. పళ్ళ గాట్లు రెండేసి, పక్కపక్కన. నల్లటి పెంటికలు వరసగా షెడ్డువైపు పోయాయి. షెడ్డు రేకు కింద అరిగి నున్నబడిన సందు ఉంది.

చెప్పబోయి నోరు మూసుకుంది. నిన్న కూడా ఇలాగే వంగి చూసి లేచింది.

"ఎలుకలు అనుకుంటున్నాను," అంది. "అవి బయటికి వచ్చాక చూసి చెప్తాను."

జకరయ్య పైపు వాల్వు కట్టేశాడు. స్టూలు ఎత్తి షెడ్డు సందుకి ఆరంగల దూరంలో వేశాడు. ఇంకో స్టూలు తెచ్చి తన వెనక, ఎడమపక్కగా వేశాడు. షెడ్డు లైటు వెలిగించి కొత్త తూటా పెట్టాడు.

"కూర్చో. నువ్వు పేరు చెప్పాకే."

"నేనా?"

"మరెవరు? చూపు తగ్గిందన్నావుగా నాకు."

ఎర్ర డొప్పలు మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి ఎడమవైపుది, ఆమె వైపుది, చెవి మీదినుంచి పైకి తోశాడు.

కూర్చున్నారు. చెయ్యి మీద దోమ వాలింది, కొట్టలేదు. రోడ్డు మీద ఏదో తలుపు పడింది. సెరీనా పాదం ఊగుతూనే ఉంది. అరచేత్తో మోకాలు నొక్కి పట్టుకుంది.

సందు దగ్గర బూడిదరంగు కదిలింది. గొట్టం అటు తిరిగింది.

"చెప్పు."

"ఆగండి."

"ఎలుకేనమ్మా."

"తోక కనపడలేదు. ఆగండి."

అది గోడ పక్కనుంచి పాకి చీకట్లో కలిసిపోయింది. జకరయ్య తిడతాడనుకుంది. ఆయన గొట్టం కిందికి దించి, డొప్ప ఇంకొంచెం పైకి తోసుకున్నాడంతే.

ఎంతసేపయిందో తెలియదు. మళ్ళీ కదిలింది. ముందు ముక్కు, తరవాత చెవులు, తరవాత వీపు. ఆయన ఏమీ అడగలేదు. వేలు మీట బయటే ఉంది. అది సందు దాటి లైటు వెలుగులోకి వచ్చి, ముందుకి పాకింది. దాని వెనకే వెంట్రుకల్లేని పొడుగాటి తోక ఇసుక మీద గీత గీసుకుంటూ పూర్తిగా బయటికొచ్చింది.

"ఎలుక," అంది.

తలుపు మూసినట్టు చప్పుడయింది.